నైరుతి మూల తోనిర్

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగినప్పుడు మనీషా పప్పుకి తాలింపు వేస్తోంది. స్క్రీన్ మీద షుషాన్ ఆంటీ పేరు కనిపించింది. ఇంకెవరికైనా అయితే గుండె జారిపోయేది. మనీషాకి ఏమీ కాలేదు.

“మనీషా జాన్, రేపు పదింటికి వస్తాను. పిండి కలిపి పెట్టాను. కట్టెలు కూడా నేనే తెస్తా, నువ్వేం హైరానా పడకు,” అంది అవతలినుంచి డెబ్భై ఎనిమిదేళ్ళ గొంతు. జాన్ అంటే ఆర్మేనియావాళ్ళు ప్రేమగా పేరు చివర తగిలించే మాట, మనం అమ్మా అన్నట్టు.

“సరే ఆంటీ,” అని పెట్టేసి, ఆవాలు మాడకుండా స్టవ్ తగ్గించింది మనీషా.

సరేనట! ఏం సరే? పెరట్లో తోనిర్ ఉంటే కదా. తొమ్మిది రోజుల కిందటే దాంట్లో కాంక్రీట్ పోసి పూడ్చేశారు. పాపం ఆ ముసలావిడకి ఆ సంగతి తెలియదు. చెప్పాల్సిన మనిషేమో తాపీగా పప్పు కలుపుకుంటోంది.

తోనిర్ అంటే ఏమిటో చెప్పకపోతే ఈ గొడవ ఎవరికీ అర్థం కాదు. అది ఆర్మేనియావాళ్ళ రొట్టెల పొయ్యి. నేలలో నడుం లోతు గొయ్యి, చుట్టూ మందంగా మట్టి గోడ, అడుగున కట్టెల నిప్పు. పిండిని పైట చెంగంత పల్చగా సాగదీసి, చిన్న దిండు మీద పరిచి, గొయ్యిలోకి వంగి గోడకి ఠపీమని చరుస్తారు. నిమిషం తిరక్కుండా రొట్టె పొంగి ఊడొస్తుంది. షుషాన్, ఆమె భర్త గెవోర్గ్ పుట్టింది వోస్కెతాప్ అనే పల్లెలో. నూటపది గడపలు. కొండ మీద చర్చి, ఆ చర్చి తూర్పు గోడ నిండా తూటా దెబ్బలు, ఎందుకంటే తూర్పున అర మైలు దూరంలోనే శత్రుదేశపు సరిహద్దు. ద్రాక్షతోటల్లో సగం కందకానికి అవతల పడిపోయి, కోసే నాథుడు లేక కుళ్ళిపోతుండేవి. ఇంత దిక్కుమాలిన ఊరికీ చుట్టుపక్కల ఒక పేరుండేదంటే అది తోనిర్ల వల్లే. వాగు ఒడ్డున ఎర్రమట్టి తెచ్చి, మేక వెంట్రుకలు కలిపి, కాళ్ళతో తొక్కి, ఆడవాళ్ళే కట్టేవాళ్ళు. గొయ్యి తవ్వడం వరకే మగాళ్ళ పని. పెళ్ళయి వచ్చిన కోడలు ముందు తోనిర్ చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాకే ఇంట్లోకి వెళ్ళాలి.

ఇదంతా మనీషాకి షుషానే చెప్పింది. షుషాన్ ఇల్లు కొనుక్కుని, అది చేతులు మారే ముందు చివరిసారి చూసుకోవడానికి మనీషావాళ్ళు వెళ్ళిన రోజది. మనీషా భర్త దామోదర్ బేస్‌మెంట్‌లోకి దిగి బాయిలర్ ఎప్పటిదో, ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఏజెంట్‌ని నిలదీస్తున్నాడు. షుషాన్‌కి ఆ గోలేం పట్టలేదు. మనీషా చెయ్యి పట్టుకుని సరాసరి పెరట్లోకి తీసుకెళ్ళి, ఒక గుండ్రటి చెక్క మూత తీసి చూపించింది.

“ఈ మట్టి మా ఊరిది. గెవోర్గ్ రెండు సూట్‌కేసుల్లో తెచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో ఆపి ఇదేమిటని అడిగితే, మా అమ్మ వంటిల్లు అన్నాడట పిచ్చివాడు. మూడు గంటలు కూర్చోబెట్టారు.” ఆవిడ నవ్వింది. “ఇక్కడి మట్టిలో కలిపి నేనే తొక్కాను. మూడు వారాలు పట్టింది.”

“ఇప్పుడు మీ ఊళ్ళో ఎవరున్నారాంటీ?”

“పోయినేడు సరిహద్దు గీత మళ్ళీ గీశారు. మా వీధి అవతలికి పోయింది,” అంది షుషాన్, పాలు అయిపోయాయన్నంత మామూలుగా.

అప్పటికి గెవోర్గ్ పోయి వారం. ఇల్లు అమ్మకానికి పెట్టింది ఇద్దరూ కలిసి సీనియర్ హోమ్‌కి వెళ్ళిపోదామని. ఇప్పుడావిడ ఒక్కతే వెళ్తోంది. అక్కడ అగ్గిపుల్ల గీయనివ్వరట. అందుకే ఒకే ఒక్క కోరిక కోరింది. వోస్కెతాప్‌లో మనిషి పోయిన నలభయ్యో రోజున ఆ ఇంటి తోనిర్‌లో రొట్టెలు కాల్చి, పోయినవాళ్ళ పేరు చెప్పి ఒక్కొక్కరి చేతిలో పెడతారు. ఆ రోజు దాటితే మళ్ళీ ఆ రొట్టె లేదు. “ఆ ఒక్క రోజు వస్తాను. కాల్చుకుని వెళ్ళిపోతాను. ఇంక నిన్ను విసిగించను.”

“తప్పకుండా రండి ఆంటీ,” అంది మనీషా. మనసారా అన్నది కాదు, అలాగని మొక్కుబడిగానూ అన్నది కాదు. ఆ రోజుల్లో ఏ మాటన్నా అలాగే అనేది.

నవంబర్‌లో ఆమెకి ఏడో నెలలో బిడ్డ పోయింది. అప్పుడు జెర్సీ సిటీలో, ఇరవయ్యొకటో అంతస్తులో ఉండేవాళ్ళు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు. కారణం ఏమీ కనిపించలేదన్నారు డాక్టర్లు. మూడో వారానికి మనీషా మళ్ళీ ఆఫీస్ ట్రైన్ ఎక్కింది. ఏడవలేదు. మొదట్లో అందరూ ఎంత ధైర్యమో అన్నారు, తర్వాత కొందరు ఎంత గుండె రాయో అని గుసగుసలాడారు. రెండూ కావు. పళ్ళ డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఉందో లేదో తెలియదు చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. తింటోంది, పడుకుంటోంది, పొద్దున్నే మీటింగుల్లో అందరికంటే ముందు అప్‌డేట్ ఇస్తోంది. దామోదర్ కూడా బిడ్డ ఊసెత్తేవాడు కాదు. ఇల్లు మారితే మంచిదని ఎవరో అన్నారు. అదే పట్టుకుని శని, ఆదివారాలు ఇళ్ళు చూడటంలో పడ్డాడు. ఇద్దరూ మూగనోము పట్టినట్టు అలా ఆర్నెల్లు నెట్టుకొచ్చారు.

తాళాలు చేతికొచ్చాక దామోదర్‌కి వాస్తు గుర్తొచ్చింది. ఇరవయ్యొకటో అంతస్తులో ఉన్నన్నాళ్ళూ ఈశాన్యమేదో ఆగ్నేయమేదో అడిగిన పాపాన పోలేదు. సొంతిల్లు అనేసరికి విజయవాడ పరంధామయ్య గారికి వీడియో కాల్ చేసి, ఇల్లంతా ఫోన్ తిప్పి చూపించాడు. పెరట్లోకి రాగానే ఆయన ఆపమన్నారు.

“ఆ గుండ్రటి మూత ఏమిటండీ?”

“అది బ్రెడ్ ఓవెన్ అండీ, పాత ఓనర్స్‌ది. ఫోర్ ఫీట్ డెప్త్ ఉంటుంది.”

“ఏ మూలకొచ్చింది?”

దామోదర్ ఫోన్‌లో కంపాస్ చూశాడు. “సౌత్ వెస్ట్ అండీ.”

“నైరుతిలో గొయ్యా! పైగా అందులో అగ్ని కూడానా! రామ రామ. సంతానం నిలవదండీ అలాంటి చోట. పూడ్పించందే అక్కడ పాలు పొంగించకండి,” అన్నారాయన. వీళ్ళింట్లో జరిగింది ఆయనకేం తెలుసు? మామూలుగా అందరికీ చెప్పేదే చెప్పారు. కానీ ఆ మాట వినగానే దామోదర్ మొహం నెత్తురుచుక్క లేకుండా పాలిపోయింది.

“ఏమంటావ్?” అని మనీషా వైపు తిరిగాడు.

“నీ ఇష్టం,” అంది.

ఎంత హాయైన మాటో కదా! ఆర్నెల్లుగా ఆ ఇద్దరి మధ్యా తిరుగుతున్న మాటే అది. నలభయ్యో రోజు సంగతి దామోదర్‌కి తెలియదు. మనీషా దాచిందని కాదు. నోరు తెరిచి అంత పెద్ద సంగతి మొదలుపెట్టి చివరిదాకా చెప్పడమంటే కొండెక్కినంత పనిగా తోచి, ఊరుకుంది.

బుధవారం పనివాళ్ళిద్దరు వచ్చారు. నేలపైకి ఉన్న మట్టి అంచుని సుత్తులతో కొట్టి లోపలికి తోశారు. దామోదర్ శ్రద్ధగా అందులో నవధాన్యాలు, పసుపు, ఒక రాగి రేకు వేసి దణ్ణం పెట్టాడు. తర్వాత కాంక్రీట్ పోశారు. మనీషా వంటింటి కిటికీ దగ్గర కాఫీ కప్పుతో నిలబడి అంతా చూసింది. ఆగండి, ఆంటీ వస్తానంది, అని ఒక్క మాట అంటే ఆగిపోయేది. కాఫీ తాగేసి కప్పు కడిగి పెట్టింది. ఆదివారం పాలు పొంగాయి, నలభై మంది పులిహోర తిన్నారు, ఇల్లు కళగా ఉందన్నారు. షుషాన్ నంబర్ ఫోన్‌లోనే ఉంది. చెయ్యలేదు.

శనివారం సరిగ్గా పదింటికి సీనియర్ హోమ్ వ్యాన్ వచ్చి ఆగింది. రెండింటికి మళ్ళీ వస్తానని డ్రైవర్ వెళ్ళిపోయాడు. షుషాన్ నల్ల గౌను మీద పూల ఏప్రన్ కట్టుకుని వచ్చింది. ఒక చేతిలో తడిగుడ్డ కప్పిన పిండి గిన్నె, భుజానికి కట్టెల సంచి, చంకలో రొట్టె చరిచే దిండు. సంతకి బయల్దేరిన మనిషిలా హుషారుగా ఉంది. దామోదర్ పాత ఫ్లాట్ తాళాలు అప్పగించడానికి జెర్సీ సిటీ వెళ్ళాడు. ఇంట్లో మనీషా ఒక్కతే.

“ఆంటీ, లోపల కూర్చోండి, ముందు కాఫీ...”

“కాఫీ తర్వాత. నిప్పు పడటానికే గంట పడుతుంది.” పాతికేళ్ళు మసలిన ఇల్లాయె, ఆవిడకి దారి చూపించాలా? పక్క గేటు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మనీషా వెనకాలే నడిచింది.

గడ్డి మధ్యలో గుండ్రంగా, తెల్లగా, నున్నగా కాంక్రీట్ పలక ఉంది. ఎండ పడి మెరుస్తోంది. షుషాన్ దాని ముందు ఆగింది. పెరడు తప్పిందేమో అన్నట్టు కంచె వైపు ఒకసారి, పక్కింటి కప్పు వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత గిన్నె కింద పెట్టి, అతి కష్టంగా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేయి ఆ పలక మీద ఆనించింది.

“ఎప్పుడు?” అని అడిగింది.

“పది రోజులైంది ఆంటీ.”

“నిన్న ఫోన్ చేశానే.”

“అవును.”

“సరే అన్నావే.”

మనీషాకి ఏడుపు రావాలి, సిగ్గు వెయ్యాలి, కాళ్ళ మీద పడిపోవాలనిపించాలి. ఏదో ఒకటి వస్తుందేమోనని తనలోకి తను తొంగి చూసుకుంది. ఏదీ లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అదీ ఒక్క క్షణమే.

షుషాన్ మోకాళ్ళ మీదే ఉండి మాట్లాడింది. అరవలేదు. అరిచినా బావుండేది. “మా ఊళ్ళోనూ తోనిర్లు పూడ్చారు. పోయినేడు. గీత మారుతోందని కబురొచ్చిన రోజున మా చెల్లెలు తన తోనిర్‌లో రాళ్ళు పోసి, పైన మట్టి కప్పి, అప్పుడు బస్సెక్కింది. వీధి వీధంతా అలాగే చేశారు. అవతలివాడొచ్చి మా అమ్మల పొయ్యిలో రొట్టె కాల్చుకోకూడదని. శత్రువుకి దక్కకూడదని పూడ్చుకున్నాం.” తలెత్తి చూసింది. “నువ్వు ఎవరికి దక్కకూడదని పూడ్చావు?”

“మాకు ఒక నమ్మకం ఉంది ఆంటీ. ఆ మూల గొయ్యి ఉంటే...” మనీషా ఆగింది. తర్వాత తనకే తెలియకుండా మాటలు వరసగా వచ్చేశాయి, ఆఫీసులో అప్‌డేట్ ఇచ్చినట్టే. “పిల్లలు నిలవరంటారు. నాకు నవంబర్‌లో ఏడో నెలలో పాప పోయింది. మావారు భయపడ్డారు. మీకిచ్చిన మాట నేనాయనకి చెప్పలేదు. పూడుస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మీకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.”

షుషాన్ పలక మీంచి చెయ్యి తీసింది.

“పాప పోయినప్పుడు నువ్వు ఈ ఇంట్లో ఉన్నావా?”

“లేను.”

“మరి నా తోనిర్ నిన్నేం చేసింది?”

దానికి ఏ పరంధామయ్య గారు మాత్రం ఏం జవాబు చెప్తారు? మనీషా ఆవిడ మోచెయ్యి పట్టుకుని లేపబోయింది. షుషాన్ ఆ చెయ్యి విదిలించుకుని, కంచె ఊతంగా తనే లేచింది.

“పిండి ఆగదు, ఈ రోజు కూడా ఆగదు,” అంది. “ఇంట్లో పెనం ఉందా?”

దోశల పెనం ఉంది, ఇనపది, పెద్దది. షుషాన్ దాన్ని బోర్లించి స్టవ్ మీద పెట్టింది. కట్టెల సంచి గుమ్మం బయటే ఉండిపోయింది. వంటింటి బల్ల మీద పిండి చల్లి, ముద్దలు చేసి, ఒక్కొక్కటీ చేతుల మీద తిప్పుతూ సాగదీసి, బోర్లించిన పెనం మీద కప్పింది. మొదటిది మాడింది. రెండోది చిరిగింది. దిండు పక్కన ఊరికే పడి ఉంది. ఆవిడ తన భాషలో ఏదో గొణుక్కుంటోంది, ప్రార్థనో తిట్లో మనీషాకి తెలియలేదు. మూడోది కుదిరింది. ఒక్కోటి తీసి గుడ్డలో పెడుతున్నప్పుడల్లా “గెవోర్గ్” అంటోంది. పద్దెనిమిది రొట్టెలు, పద్దెనిమిది సార్లు గెవోర్గ్. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఆర్నెల్లుగా పోయినవాళ్ళ గురించి ఒక్క మాట లేదేమో, ఆ పేరు అన్నిసార్లు వినబడుతుంటే మనీషాకి అక్కణ్ణించి వెళ్ళిపోవాలనిపించింది. అయినా కదలకుండా నిలబడింది.

రొట్టెలన్నీ గుడ్డలో మూటకట్టి షుషాన్ కుర్చీలో కూలబడింది. మూట ఒళ్ళో పెట్టుకుంది. “ఇవి హోమ్‌లో అందరికీ పంచుతాను. నీకు ఇవ్వను,” అంది. “గెవోర్గ్ రొట్టె నీకు ఇవ్వలేను. ఏమనుకున్నా సరే.”

“ఏమీ అనుకోను ఆంటీ.”

“అనుకో. ఏదో ఒకటి అనుకో!” ఆవిడ మొదటిసారి గొంతు పెంచింది. “రాయిలా నిలబడి ఏమీ అనుకోనంటావు. నీ పాప పేరేమిటి?”

మనీషాకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎందరో పలకరించారు. ఎన్నో నెల అన్నారు, ఏ హాస్పిటల్ అన్నారు, ఇన్సూరెన్స్ కవర్ చేసిందా అని కూడా అడిగారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు.

“పెట్టలేదు. మాలో పుట్టిన ఇరవయ్యొకటో రోజున పెడతారు.”

“అనుకోలేదా? ఏడు నెలలు మోశావు, ఏమీ అనుకోలేదా?”

“అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా.”

“చూశావా పాపని?”

“లేదు. చూస్తారా అని నర్స్ అడిగింది. వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నాను.”

షుషాన్ గిన్నెలోకి చూసింది. అడుగున నిమ్మకాయంత పిండి అంటుకుని ఉంది. దాన్ని గోళ్ళతో గీకి తీసి, ఉండ చేసి, అరచేతుల మధ్య సాగదీసి పెనం మీద వేసింది. అరచేయంత రొట్టె అయింది. దాన్ని ఒక పళ్ళెంలో పెట్టి బల్ల మీదకి తోసింది.

“ఇది నీ పాపది. పేరు చెప్పి ఎవరి చేతిలోనన్నా పెట్టు. నా ముందు వద్దు. నాకు వినాలని లేదు,” అంది.

రెండింటికి వ్యాన్ వచ్చింది. షుషాన్ రొట్టెల మూట తనే మోసుకుని ఎక్కింది. దిండు వంటింట్లోనే ఉందని మనీషా పరిగెత్తుకెళ్ళి తెచ్చి ఇవ్వబోతే, “దానితో నాకింకేం పని?” అని తలుపు వేసేసుకుంది. పోతూ జాన్ అనలేదు, వెనక్కీ చూడలేదు.

దామోదర్ నాలుగింటికి వచ్చాడు. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి తొంగిచూశాడు. “సూపర్ స్మెల్ వస్తోంది! ఏం చేశావ్, నాన్ రొట్టెలా?” మనీషా బల్ల దగ్గర కూర్చుని ఉంది. రెండు గంటలుగా అక్కడే ఉంది. రొట్టె చల్లారి గట్టిపడింది. ఆమె లేచి, దాన్ని రెండు చేతులతో తీసి అతని చేతిలో పెట్టింది.

“ఆద్య,” అంది.

“ఆద్య ఎవరు? పక్కింటివాళ్ళా?”

మనీషా అతన్నే చూస్తూ నిలబడింది. నీ ఇష్టం అనలేదు, ఏమీ లేదులే అనలేదు. అలా చూస్తూనే ఉంది. అతని మొహంలో నవ్వు కొద్దికొద్దిగా తగ్గి, పూర్తిగా పోయింది. చేతిలో ఉన్న ఆ చిన్న రొట్టెని చూశాడు. బూట్లతోనే వంటింటి నేల మీద చతికిలబడ్డాడు.

“ముక్కు నీదే,” అన్నాడు రొట్టెనే చూస్తూ.

“ఏంటి?”

“పాపది. ముక్కు నీదే.” రొట్టెని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “నువ్వు వద్దన్నావని... నర్స్ బయటికొచ్చి నన్నడిగింది, మనీషా. నేను ఎత్తుకున్నాను. గంటసేపు ఎత్తుకున్నాను. నీకెలా చెప్పను? చూడనన్న మనిషికి ఏమని చెప్పను?”

మనీషా బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా అతని పక్కన నేల మీద కూర్చుంది. 

“జుట్టుందా?” అని అడిగింది.